జీనోముకు ఒక సైగ

మా మేనత్తకు బడిపిల్లలు పెట్టిన పేరు నోటితో పలికేది కాదు. చూపుడు వేలిని ముక్కు కొన మీద ఆనించి తీసేస్తే ఆమెను పిలిచినట్టు. వినపడని పిల్లల బడిలో ప్రతి మనిషికీ ఇలాంటి సైగపేరు ఒకటి ఉంటుంది. మనిషిలో కొట్టొచ్చినట్టు కనిపించేదేదో అదే పేరవుతుంది. జారిపోయే కళ్లజోడును అస్తమానం పైకి నెట్టుకునే అలవాటు చూసి పిల్లలు ఆ పేరు పెట్టారు. వినగలిగిన పంతుళ్లు మాత్రం దానికి తమ అర్థం తాము తీసుకుని నవ్వారు. "పిల్లలు భలే కనిపెట్టారమ్మా, నీ కోపం ఉండేది అక్కడేగా!" అన్నారు. ఆ మాటను కూడా ఆమె అప్పటికప్పుడు పిల్లలకు సైగల్లో చెప్పింది. గదిలో ఎవరేమన్నా పిల్లలకు చేరవేయడమే ఆమె ఉద్యోగం.

ఆమె దుబాసీ. మాట్లాడే మనిషి పక్కన నిలబడి ఆ మాటను చేతుల్లోకి, పిల్లల చేతుల్లోని మాటను గొంతులోకి మార్చడం ఆమె పని. చేతులు స్పష్టంగా కనబడాలని ముదురు రంగు బట్టలే కట్టుకుంటుంది. చూపు చెదరకూడదని వాచీ, ఉంగరం పెట్టుకోదు. పిల్లవాడు "నాకు ఆకలేస్తోంది" అంటే ఆమె గొంతు "వాడికి ఆకలట" అనదు, "నాకు ఆకలేస్తోంది" అంటుంది. ఏదీ కలపదు, ఏదీ తీసెయ్యదు. ఎవరో పక్కకు తిరిగి గొణుక్కున్నదైనా సరే, వినగలిగే పిల్లల చెవిన పడే మాటే గనక, ఈ పిల్లల కంటా పడాలంటుంది.

ఈ పద్ధతి ఏ శిక్షణ తరగతిలోనూ నేర్చుకున్నది కాదు, మా తాతయ్య దగ్గర నేర్చుకున్నది. తాతయ్యకు, నానమ్మకు, మా నాన్నకు వినపడదు. ఆ ఇంట్లో వినపడేది అత్తకొక్కదానికే. ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంటికీ బయటికీ మధ్య తలుపు ఆమే. ఎనిమిదో తొమ్మిదో ఏళ్లున్నప్పుడు తాతయ్య ఆమెను వెంటబెట్టుకుని కుళాయి కోసం నీళ్ల ఆఫీసుకు వెళ్లాడు. గుమాస్తా తల కూడా ఎత్తలేదు. "ఈ మూగాయన్ని పట్టుకొచ్చి నా ప్రాణం తీస్తావేమే? మీ ఇంట్లో పెద్దవాళ్లెవరూ లేరా?" అన్నాడు. ఆమె తండ్రి వైపు తిరిగి, "రేపు రమ్మంటున్నారు నాన్నా" అని సైగ చేసింది.

ఇంటికొచ్చాక తాతయ్య కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టాడు. "అతని మొహం ఒకటంది, నీ చేతులు ఒకటన్నాయి. ఏది నిజం?"

ఆమె ఏడుస్తూ ఉన్నది చెప్పింది. "నీకు బాధ కలుగుతుందని..."

"బాధ నాది. కోపం నాది. నాకు రావాల్సినదాన్ని దారిలో నువ్వెందుకు తినేస్తావు?"

మర్నాడు మళ్లీ అదే కిటికీ దగ్గరికి వెళ్లారు. తాతయ్య చేతులు కదిలాయి. చిన్నపిల్ల గొంతు ఆ ఆఫీసంతా వినబడేలా, "పెద్దవాణ్ణి నేనే ఉన్నాను. తలెత్తి నాతో మాట్లాడు" అంది. గుమాస్తా తలెత్తాడు. కుళాయి వచ్చిందా లేదా అన్నది మా ఇంట్లో ఎవరూ చెప్పుకోరు, ఆ తలెత్తడం గురించే చెప్పుకుంటారు.

ఇక బడిలో జరిగిన సంగతి. దీన్ని అత్త నోట మాత్రమే విని రాయడం లేదు. బొమ్మలు నేర్పే రంగుల మాస్టారిని, గుంటబుగ్గ అన్న సైగపేరున్న మూడో తరగతి పిల్లను, తర్వాత జరిగిన విచారణలో కూర్చున్నవారిలో ఒకరిని విడివిడిగా అడిగాను. అందరి మాటా కలిసిన చోటే నా కలం సాగింది.

ఒక పరిశోధనా సంస్థ వాళ్లు బడికి వస్తామన్నారు. మూడో తరగతి పిల్లలకు జీనోము అంటే ఏమిటో చెప్పి, ఒప్పుకున్న వారి ఉమ్మిని చిన్న చిన్న గొట్టాల్లో పట్టుకెళ్తారు. తల్లిదండ్రులు ముందే ఒప్పుకున్నారు గానీ, పిల్లలు తమంతట తాము సరేననాలన్నది సంస్థ నియమం. పని సజావుగా జరిగితే కారుతున్న హాస్టలు కప్పు బాగు చేయిస్తామని సంస్థ మాటిచ్చింది. బడి ప్రధానోపాధ్యాయుణ్ణి అందరూ పెద్ద సారు అంటారు. ఆయన అప్పటి నుంచీ కప్పు తప్ప మరో మాట ఎత్తలేదు.

చిక్కేమిటంటే జీనోముకు ఆ బడి సైగభాషలో మాట లేదు. ముందురోజు సాయంత్రం అత్త, రంగుల మాస్టారు సంస్థ పంపిన కరపత్రం ముందేసుకుని కూర్చున్నారు. మాస్టారికి పుట్టుకతోనే వినపడదు. పిల్లలకు ఆయన చేతులంటే ప్రాణం. కరపత్రంలో "మీ ఒంట్లో దాగిన పుస్తకం" అని ఉంది.

"పుస్తకమా?" అన్నాడు మాస్టారు, రెండు అరచేతులూ తెరిచి మూసి. "మనవాళ్లకి పుస్తకమంటేనే ఏడుపు. అది ఒంట్లో కూడా ఉందంటే డాక్టరు దగ్గరికెళ్లి తీయించుకుంటామంటారు."

"పరాచికాలు తర్వాత మాస్టారూ. రేపటికి సైగ కావాలి. వేళ్లతో అక్షరాలు రాసేస్తే?"

"రాస్తే రాసినట్టుంటుంది. అర్థం ఎక్కడ?"

కాసేపు తగువులాడుకున్నారు. చివరికి మాస్టారు కుడిచేతి వేళ్లను అమ్మ అన్న సైగ నుంచి, ఎడమచేతి వేళ్లను నాన్న అన్న సైగ నుంచి తీసుకొచ్చి, రొమ్ము ముందు రెంటినీ కలిపి, తాడు పేనినట్టు మెలి తిప్పుతూ పైకి లేపాడు. అత్త వెంటనే అదే చేసి చూసింది. చేతికి హాయిగా ఉంది. చేతికి హాయిగా లేని సైగ బతకదని ఆమె నమ్మకం.

పనికొస్తుందో లేదో చూద్దామని ఇద్దరూ భోజనాల వరుసలోకి వెళ్లారు. మీరు అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం తెచ్చుకున్నారు, ఆ రెండూ పెనవేసుకుని తాడయ్యాయి, మీరెలా పెరగాలో చెప్పేది అదే, మీ ఒంట్లో ఏ ముక్క తీసి చూసినా ఆ తాడు మొత్తం ఉంటుంది అని చెప్పారు.

ముందు పళ్లూడిన బోసినోరు అనేవాడు ఎగిరి గంతేశాడు. "ఊడిన పంట్లో కూడా ఉందా?"

"ఉంది."

"అయ్యో, పారేశానే!"

"ఫరవాలేదురా, నీలో ఇంకా బోలెడుంది."

బుగ్గన లోతైన సొట్టతో పుట్టిన గుంటబుగ్గ మాత్రం చేతిలో ముద్ద పట్టుకుని ఆలోచించింది. తర్వాత ముద్దను కంచంలో పెట్టేసి, చేతులు తుడుచుకుని మరీ అడిగింది. "సగం అమ్మ, సగం నాన్న. మరి నేనెక్కడ?"

"మెలి తిరిగిన చోట" అన్నాడు మాస్టారు. "అలాంటి మెలి ఇంకెవరికీ లేదు."

భోజనాలు ముగిసేసరికి వరుస వరుసంతా ఆ సైగే. ఒకరినొకరు పొడుచుకుని మెలి తిప్పి చూపించుకుంటున్నారు. ఎనిమిదేళ్ల పిల్లలకు జీనోము చెప్పడం గొప్ప కష్టమేమీ కాదని ఆ సాయంత్రం తేలిపోయింది. ఎదుటివాళ్లు మనుషులేనన్న తలంపు ఉంటే చాలు.

మర్నాడు డాక్టరమ్మ వచ్చింది. వయసులో చిన్నది, ఉత్సాహం ఉన్న మనిషి. తెరమీద బొమ్మలు తెచ్చింది. ఆమె వెంట వచ్చినవాళ్లు బల్ల మీద గొట్టాలు పేర్చారు. అత్త పక్కన నిలబడింది. పెద్ద సారు కిటికీ దగ్గర కుర్చీ వేసుకున్నాడు. ఆ బడిలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నా ఆయనకు "రా", "కూర్చో", "చాలు" తప్ప సైగలు రావు. నేర్చుకోవాల్సిన అవసరం ఆయనకెప్పుడూ కలగలేదు. అవసరం ఎప్పుడూ పిల్లలదే.

మొదట అంతా సరదాగానే సాగింది. డాక్టరమ్మ పుస్తకం అన్నప్పుడు అత్త పుస్తకమే చూపించింది, జీనోము అన్నప్పుడు మెలి తిప్పింది. బోసినోరు చెయ్యెత్తాడు. అత్త గొంతు గంభీరంగా అడిగింది: "నా చీమిడిలో కూడా నా జీనోము ఉందా?"

డాక్టరమ్మ పడీపడీ నవ్వింది. "భేషుగ్గా ఉంది!"

"దోమ నన్ను కుడితే నా జీనోము దాని పొట్టలోకి పోతుందా?"

"పోతుంది!"

"అయితే అది నేనయిపోతుందా?"

"అవదు నాన్నా. దానికి నువ్వు భోజనమే."

పిల్లలు బల్లలు చరిచారు. అప్పుడు తెరమీద చివరి బొమ్మ పడింది. డాక్టరమ్మ అదే నవ్వుమొహంతో చెప్పింది: "మీ అందరి జీనోములో ఎక్కడో ఒక అక్షరం తప్పు పడింది. ఆ తప్పు వల్లే మీకు వినపడదు. మీరు కాస్త ఉమ్మి ఇస్తే ఆ తప్పు ఎక్కడుందో పట్టుకుంటాం. అది దొరికితే, ముందుముందు ఇలాంటి పిల్లలు పుట్టకుండా చూసుకోవచ్చు."

అత్త చేతులు ఆగాయి. దుబాసీకి ఒక్కసారి అడిగే హక్కుంది. "ఇవే మాటలు చెప్పమంటారా మేడమ్?" అని అడిగింది, అడుగుతున్నానని పిల్లలకూ సైగ చేసింది.

కిటికీ దగ్గర నుంచి పెద్ద సారు కల్పించుకున్నాడు. "అబ్బ, అవన్నీ ఎందుకమ్మా వాళ్లకి? మీకు మంచి జరుగుతుంది, ఉమ్మండి అని చెప్పేయ్. చంటివెధవలు, వాళ్లకేం తెలుస్తుంది?"

ఆ మాటా పిల్లల కళ్లముందు నిలిచింది, చంటివెధవలతో సహా.

"అలా కాదు సార్, వాళ్లకి సమాచారం ఇవ్వాలి కదా" అంది డాక్టరమ్మ. "చెప్పండి మీరు."

అత్త చెప్పింది. ఆ బడిలో తప్పు అన్నదానికి సైగ, పలక మీద లెక్క తప్పితే పంతులు కొట్టే ఇంటూ గుర్తు. ఆ గుర్తును నిన్న సాయంత్రం పిల్లలు ఆడుకున్న మెలి మీద, తన రొమ్ము ముందు కొట్టాల్సి వచ్చింది. ఇలాంటి పిల్లలు పుట్టకుండా అన్నది కూడా పొల్లు పోకుండా చెప్పింది. "నా చేతులు విరిచేసుకోవాలనిపించింది" అని నాతో అంది. "కానీ నేను దాన్ని తేనెలో ముంచి ఇస్తే, వాళ్లకి తెలియకుండానే వాళ్లచేత సరేననిపించినదాన్ని అవుతాను. అంతకన్నా మోసం ఇంకేముంది?"

ముందుగా లేచింది గుంటబుగ్గ. అత్త గొంతు, ఆ పిల్ల మొహంలో ఉన్నంత గట్టిగా పలికింది: "మా అమ్మకి కూడా వినపడదు. మా అమ్మ తప్పా? అమ్మకి ఈ సంగతి చెప్పావా?"

డాక్టరమ్మ నవ్వు సగంలో ఆగింది. "అలా కాదమ్మా..."

"నేను తప్పయితే నా ఉమ్మి నీకెందుకు?"

బోసినోరు: "నేను వెధవని కాదు!"

పెద్ద సారు కుర్చీలోంచి లేచాడు. "ఏమ్మా, ఇవి పిల్లల మాటలా, నీ మాటలా? ఇంతింత మాటలు వీళ్లకెక్కడివి?"

నాకు ఈ చోట రాయడం ఆపి లేవాల్సి వచ్చింది. ఇరవై ఏళ్లు వాళ్ల మధ్య తిరిగి, వాళ్ల మాట మూడు ముక్కలకు మించి నేర్చుకోని మనిషి, వాళ్లకు మాటలెక్కడివని అడుగుతున్నాడు. రంగుల మాస్టారు ముందుకొచ్చి, "పిల్లలన్నవే అవి" అన్నాడు. అదీ అత్త గొంతులోంచే రావాలి కదా! పెద్ద సారు చేతులు విదిలించాడు. మాస్టారు సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద అదే రాశాడు. "మీరిద్దరూ ఒక గూటి పక్షులే" అన్నాడు పెద్ద సారు.

గుంటబుగ్గ ఇంకా నిలబడే ఉంది. "ముందు నువ్వు ఉమ్ము" అంది డాక్టరమ్మతో. "నీ తప్పు చూపించు. తర్వాత మేం చూస్తాం."

డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. పెద్ద సారు వైపు వంగి గొంతు తగ్గించింది. "నిజానికి ఇలాంటి తేడాలు అందరిలోనూ ఉంటాయి సార్. నాలోనూ బోలెడుంటాయి. కానీ ఇప్పుడు అది చెబితే అంతా గందరగోళం అయిపోతుంది."

గొంతు తగ్గిస్తే చేతులు తగ్గవు. ఆ గుసగుసంతా పిల్లల ముందుకు వెళ్లిపోయింది. గుంటబుగ్గ చూసింది, డాక్టరమ్మను కింది నుంచి పైదాకా కొలిచింది. అత్త గొంతు అడిగింది: "అయితే నిన్నెందుకు పుట్టనిచ్చారు?"

"చాలు!" అని అరిచాడు పెద్ద సారు. "ఆపు! చేతులు దించు!"

అత్త చాలు, ఆపు, చేతులు దించు అని పిల్లలకు చెప్పి, చేతులు దించింది. ఇక ఆ గదిలో పెద్దవాళ్లకు, పిల్లలకు మధ్య ఏమీ మిగల్లేదు. పెద్ద సారే ఒక గొట్టం తీసుకుని, నోటి దగ్గర పెట్టి, థూ థూ అంటూ ఉమ్మినట్టు నటించి చూపించాడు. గుంటబుగ్గ కూర్చుని కళ్లు మూసుకుంది. పక్కపిల్ల చూసి తనూ మూసుకుంది. వరుస వెంట వరుస కళ్లు మూతపడ్డాయి. వినపడని పిల్ల కళ్లు మూసుకుందంటే ఇక ఆ పిల్లతో ఎవరూ మాట్లాడలేరు. ఆ పిల్లలకు ఉన్న తలుపు అదొక్కటే, దాన్ని లోపలి నుంచి గడియ పెట్టుకున్నారు.

పెద్ద సారు దీపాలు ఆర్పి వెలిగించాడు. అదురు తగిలేలా నేలను కాలితో తన్నాడు. ఒక్క రెప్ప లేవలేదు. "ముట్టుకుని లేపు వాళ్లని" అన్నాడు అత్తతో.

"నా పని మాట చేరవేయడం సార్. కళ్లు తెరిపించడం కాదు."

గొట్టాలు వచ్చిన పెట్టెలోనే ఖాళీగా తిరిగి వెళ్లాయి.

వారం తిరక్కుండా విచారణ పెట్టారు. యాజమాన్యం కార్యదర్శి, పెద్ద సారు, బయటి నుంచి ఒక విశ్రాంత అధికారి. కార్యదర్శి మెత్తని మనిషి, మెత్తగానే చెప్పాడు. "మాకు నీ మీద పగేమీ లేదమ్మా. ఆ వేళ ఆవేశంలో నీ సొంత మాటలు నాలుగు కలిశాయని ఒప్పుకో. మందలించి వదిలేస్తాం. బయటి నుంచి వేరే దుబాసీని తెప్పించి పిల్లల్ని మళ్లీ అడిగిస్తాం. నీ ఉద్యోగం నీకుంటుంది, వాళ్లకి కప్పు వస్తుంది. రెండ్రోజులు ఆలోచించుకో."

ఎంత ఒద్దికైన ఏర్పాటో చూడండి. ఆ మాటలు అత్తవైతే పిల్లలు కాదననట్టే. కాదననట్టయితే గొట్టాలు మళ్లీ రావచ్చు. ఎనిమిదేళ్ల పిల్లలు తమ జన్మలో మొదటిసారి పెద్దవాళ్లకు ఎదురు నిలిచి చెప్పిన "వద్దు"ను, ఒక ఆడమనిషి ముక్కు మీది కోపంగా మార్చేస్తే సరిపోతుంది.

ఆ రెండు రోజులూ మా ఇంట్లో అదే రభస. మా అమ్మ అత్త చేతులు పట్టుకుని బతిమాలింది. "ఒక్క మాటే కదా వదినా, ఒప్పేసుకో. గొంతుదాకా వచ్చిన కోపాన్ని దిగమింగితే ఏం పోతుంది?"

"నా కోపమైతే మింగేదాన్నే. ఇది నాది కాదే."

"నీ మొండితనం పాడుగాను! పిల్లల మీద వాన కారుతుంటే నీ నీతి గొడుగు పడుతుందా?"

మా నాన్న అప్పటిదాకా గోడకానుకుని ఇద్దరి పెదాలూ చూస్తున్నాడు. ఆడవాళ్ల మధ్యకు వచ్చి చేతులు కదిపాడు. "ఒప్పుకో అక్కా. రేపు నేనేమన్నా, అది మా అక్క అన్నదే అంటారు. అప్పుడు నేను నోరూ చేతులూ రెండూ మూసుకుని కూర్చుంటాను." అది వెటకారమో, ఏడుపో అత్తకు అర్థమైంది. అమ్మకూ అర్థమైంది; ఆమె లేచి లోపలికి వెళ్లిపోయింది.

మూడోనాడు అత్త విచారణ గదిలో నిలబడింది. "నా మాట ఒక్కటీ కలవలేదు" అంది.

"పిల్లలు తమంతట తాము అలా మాట్లాడరమ్మా" అన్నాడు కార్యదర్శి.

"వాళ్లని పిలిచి అడగండి."

"ఎవరు చెబుతారు మాకు? ఇక్కడున్న దుబాసీవి నువ్వేగా."

"మరి ఇన్నేళ్లలో ఒక్కరూ వాళ్ల భాష నేర్చుకోకపోవడం నా తప్పా?"

"గొంతు తగ్గించు" అన్నాడు పెద్ద సారు.

ఆమె తగ్గించలేదు. "సరే, ఆ మాటలు నావే అనుకోండి. నా నోరు మంచిది కాదు, ఉద్యోగం తీసెయ్యండి. కానీ చేతులు దించమన్నారు, దించాను. ఆ తర్వాత నేను వేలైనా కదపలేదు. ఆ కళ్లన్నీ ఎవరు మూశారు సార్?"

విశ్రాంత అధికారి, "పిల్లలు నిరాకరించారు అని రాయండి" అన్నాడు. అలాగే రాశారు. సంస్థ ఆ బడిని వదిలేసింది. నెల తిరిగేసరికి బడి మా అత్తను వదిలేసింది, ఖాళీ లేదన్నారు. కప్పు కారుతూనే ఉంది. దానికి కూడా ఆమెనే తిట్టుకునేవాళ్లున్నారు. వాన కురిసిన రోజు ఆమె ఎవరితోనూ మాట్లాడదు.

వెళ్లిపోయే రోజు మూడో తరగతి పిల్లలకు ఆమె జరిగిందంతా చెప్పింది. ఉద్యోగం పోయిందని, కప్పు రాదని, వాళ్ల "వద్దు" మాత్రం వాళ్ల పేరు మీదే ఉందని. బోసినోరు ఏడ్చాడు. గుంటబుగ్గ ఏడవలేదు.

"నీకు కోపం వచ్చిందా?" అని అడిగింది.

"వచ్చింది."

"ఎంత?"

అత్త రెండు చేతులూ చాచగలిగినంత చాచి చూపించింది. ఆ పిల్ల ఆ చేతులను ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసింది.

"అంతేనా?" అంది. బెంచీ ఎక్కి నిలబడి, తన చేతులు చాచి, అవి చాలక, అటు పక్కపిల్ల చెయ్యి ఒకటి, ఇటు బోసినోరు చెయ్యి ఒకటి పట్టుకుని లాగింది.